చెరువు గట్టున టైమాఫీసు

మా అన్న కూతురు స్మిత ఈ ఎండాకాలమంతా కామసముద్రం దగ్గర ఒక మామిడితోపులో ఉద్యోగం చేసింది. కాయలు కోసే ఉద్యోగం కాదు. బెంగళూరు పిల్లలకు పల్లెటూరంటే ఏమిటో చూపించే ఉద్యోగం. పిల్లలు బస్సులో దిగుతారు, ఆవు పొదుగు ఒకసారి ముట్టుకుని చేతులు సబ్బుతో కడుక్కుంటారు, రాగిముద్ద చేసి ఫొటో తీసుకుని నూడుల్స్ తింటారు. దాన్ని సమ్మర్ క్యాంపు అంటారట, అందులో స్మిత కౌన్సిలరట. "అత్తా, నువ్వు గూడా అమెరికాలో కౌన్సిలర్ పని చేసినావంట కదా, ఒకతూరి వచ్చి మా క్యాంపు చూసిపో" అని పట్టుబట్టింది. సరే అని మారికుప్పంలో రైలు దిగి, ఆటో పట్టుకుని వెళ్లాను. తోపు మధ్యలో నీలం రంగు ఈతకొలను, అందులో ఒకరి మీద ఒకరు నీళ్లు చల్లుకుంటూ ఊరంత గోల. ప్రతి పిల్లకీ చేతికి రబ్బరు పట్టీ. స్మిత కొలను వైపు కాకుండా ఫోను వైపు చూస్తోంది. "నీళ్లల్లో ఎవురుండారో నీకెట్ల తెలుస్తాదే?" అని అడిగాను. "పట్టీ చెప్తాది అత్తా. పచ్చగా ఉంటే బయట, ఎర్రగా ఉంటే లోపల." "పట్టీ చెప్పకపోతే?" "నడుం లోతు గూడా లేవు కదత్తా, ఏంటికట్ల బయపడతావు?" అని నాకొక ప్లాస్టిక్ కుర్చీ వేసి, చేతిలో మామిడికాయ రసం పెట్టి, ముసలమ్మలను ఎక్కడ కూర్చోబెట్టాలో అక్కడ కూర్చోబెట్టింది. ఎరుపు అన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది.

నేను కౌన్సిలర్ అయిన వైనం ముందు చెప్పాలి. కోలారు బంగారు గని, మా మాటలో మైను, మూతపడి ఏడాది దాటిన రోజులవి. మేము మైను లైన్లలో ఒక వరస ఇంట్లో ఉండేవాళ్లం. రేకుల కప్పు, ముందు గది, వెనక వంటిల్లు, ఆ వెనక నీళ్ల డ్రమ్ములు. గాలి కాస్త గట్టిగా వీస్తే బంగారం తీసేశాక పారబోసిన సైనైడ్ దిబ్బ మీది పొడి వచ్చి ఆరేసిన బట్టల మీద వాలేది. అమ్మ ఆ దిబ్బను పేరు పెట్టి తిట్టేది, ఆడపడుచును తిట్టినట్టు. మైను నడిచిన రోజుల్లో మా ఇంటికి గడియారం అక్కర్లేదు. సైరన్‌ను మేము సంగు అనేవాళ్లం. సంగు కూస్తే అమ్మ పొయ్యి ముట్టించేది, ఇంకో కూతకు సంగటి కెలికేది, మూడో కూతకు నాయన గుమ్మంలో నిలబడేవాడు, తడిసిన రాయి వాసన, పేలుడుమందు పొగ వాసన, బీడీ వాసన కలిపి మోసుకుంటూ. మైనుతో పాటు సంగు కూడా ఆగిపోయాక మా ఇంట్లో టీ ఎప్పుడు కాగుతుందో దేవుడికే తెలియదు. నాయన అరుగు మీద కూర్చుని వచ్చేపోయే వాళ్లను లెక్కపెట్టేవాడు. భూమి లోపల అంత దూరం దిగి వచ్చిన మనిషికి వీధి చివరి అంగడి దాకా పోవడానికి ఒక కారణం కావాల్సి వచ్చింది.

నేను చర్చి బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. అమెరికాలో పిల్లల క్యాంపు ఒకటి ఎండాకాలానికి బయటి దేశాల నుంచి మనుషులను తీసుకుంటోందని మా పాస్టరయ్యకు ఎవరో చెప్పారు. ఆయన నా పేరు పంపించాడు. నాకు ఇంగ్లీషు బాగా వచ్చునన్నది ఆయన నమ్మకం. వచ్చు. అయితే అది దొరల దగ్గర మా తాతలు నేర్చుకున్న మైను ఇంగ్లీషు, అందులో మర్యాద తక్కువ, ఆర్డర్లు ఎక్కువ. పని ఖాయమైన రోజు పాస్టరయ్య మా ఇంటి ముందు సైకిలు ఆపి, లైనంతా వినబడేటట్టు "మీ కరుణ అమెరికాలో కౌన్సిలర్ అయిపోయింది" అన్నాడు. మా లైన్లలో కౌన్సిలర్ అంటే ఒకటే అర్థం. ఓట్ల ముందు చేతులు జోడించి వచ్చి, ఓట్ల తర్వాత కనబడని మనిషి. పక్కింటి రాజమ్మక్క తడిచేతులతో పరిగెత్తి వచ్చి "ఏ పార్టీ తరపున నిలబడినావమ్మా, మాకు ఒక మాటన్నా చెప్పలేదే" అంది. ఆ సాయంత్రానికి అర్జీలు మొదలయ్యాయి. కొళాయిలో నీళ్లు రావడం లేదని ఒకరు, మోరీ ఎవరూ తియ్యడం లేదని ఒకరు. అమెరికా నుంచి గట్టిగా ఒక ఫోను కొడితే మన మునిసిపాలిటీ వాళ్లు వినరా అని వాళ్ల వాదన. నేను విడమరిచి చెప్పబోతే నాయన కన్ను గీటి నన్ను ఆపేశాడు. అరుగు మీద నిటారుగా కూర్చుని "చూస్తాము లేప్పా. పాప పోయి కుదురుకోనీ ముందు" అన్నాడు. మైను మూతపడ్డాక ఆయన వీపు అంత నిటారుగా ఉండడం నేను చూడలేదు. ఇంక ఎవరికి విడమరిచి చెప్పాలి?

క్యాంపు ఒక చెరువు గట్టున ఉంది. చెరువనడం మా లెక్క, వాళ్ల లెక్కలో అది సరస్సు. అవతలి గట్టు కనబడదు. ట్యాంకర్ వస్తే బిందెలతో జుట్లు పట్టుకునే ఊరి నుంచి వెళ్లిన నాకు అన్ని నీళ్లు ఏ పనీ పాటా లేకుండా పడి ఉండడం చూసి మొదట కోపం వచ్చింది. నా గదిలో తొమ్మిదేళ్ల ఆడపిల్లలు. వాళ్లు దేనికైనా పాట పాడతారు. పళ్లు తోముకోవడానికి పాట, ప్లేటు కడగడానికి పాట, కక్కూసుకు వెళ్లడానికి కూడా ఒక పాట. దూదిలాంటి మిఠాయిని పుల్లకు గుచ్చి మంటలో పెట్టి, మాడిపోయిందని ఏడుస్తారు. మంటలో పెడితే మాడకుండా ఏం చేస్తుంది? కరుణ అనే పేరు వాళ్ల నోట్లో కరోనా అయింది. ఆ మాటకు ఇప్పటి అర్థం రాని రోజులు కాబట్టి అందరం హాయిగా నవ్వుకున్నాం. క్యాంపుకు పెద్దదిక్కు జోన్ అనే ఆవిడ. అరవై దాటిన మనిషి మోకాళ్ల పైకి నిక్కరు వేసుకుని తిరుగుతుంటే మొదటి రోజు నేను నేలకేసి చూస్తూ మాట్లాడాను. మనసులో ఆమెను జోనమ్మ అనే పిలిచేదాన్ని. అక్కడ అందరూ ఇంగ్లీషే మాట్లాడారు గానీ ఇన్నేళ్ల తర్వాత నాకు గుర్తొచ్చేది మాత్రం మా యాసలోనే. జోనమ్మ నా తలలో కోలారు మనిషిలాగే మాట్లాడుతుంది. అట్లాగే రాస్తాను, ఆమె క్షమించాలి.

మూడో రోజో నాలుగో రోజో మమ్మల్ని నీళ్ల దగ్గరికి తీసుకెళ్లారు. గట్టున ఒక పెద్ద చెక్కబోర్డు, దాని నిండా మేకులు, ప్రతి మేకుకూ ఒక గుండ్రటి బిళ్ల. బిళ్ల మీద పిల్ల పేరు. ఒకవైపు తెలుపు, ఒకవైపు ఎరుపు. నీళ్లలోకి దిగే పిల్ల తన బిళ్లను ఎర్రవైపుకు తిప్పాలి, బయటికి వచ్చాక తెల్లవైపుకు తిప్పాలి. ఈ సంగతి వాళ్లు మాకు బొమ్మలు గీసి బోధిస్తున్నారు. నాకు బోధ ఎందుకు? అది మా నాయన టైమాఫీసులోని టోకెను బోర్డే. మైనులో దిగేవాడు తన నంబరున్న ఇత్తడి టోకెను తీసుకుని దిగుతాడు, పైకి వచ్చాక తిరిగి ఇస్తాడు. షిఫ్టు అయిపోయాక కూడా ఒక మేకు ఖాళీగా ఉందంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం. ప్రపంచానికి అవతలి కొసన, చేతిరుమాలంత ఈత బట్టలేసుకున్న పిల్లల మధ్యన మా టైమాఫీసు కనబడితే నాకు పుట్టింటి మనిషి ఎదురైనట్టు అనిపించింది.

ఆ సంతోషం వారం కూడా నిలవలేదు. ఒక మధ్యాహ్నం నేను గదిలో పిల్లల దుప్పట్లు మడతపెడుతుంటే చెరువు గట్టున ప్రమాదానికి ఊదే హారన్ మోగింది. ఆగకుండా మోగింది. మా ఊళ్లో వేళకాని వేళ సంగు కూస్తే ఎవరూ గడియారం చూడరు, ఏమిటని అడగరు. లోపల రాయి పేలిందని అర్థం. ఆడవాళ్లు పొయ్యి మీది కుండ పొయ్యి మీదే వదిలి మైనులోకి దిగే బావి, షాఫ్టు దగ్గరికి పరిగెత్తుతారు. నేనూ అంతే పరిగెత్తాను. బోర్డు మీద ఒక బిళ్ల ఎర్రగా కనబడింది. చుడీదారుతో, చెప్పులతో, "ప్రభువా" అని కేకపెట్టి నీళ్లలోకి దూకేశాను. నాకు ఈత రాదన్న సంగతి నాకు నీళ్లలో గుర్తొచ్చింది. ఛాతీ లోతు నీళ్లలోనే కాలు జారి మునిగితే, ఈత కాపలా ఉండే టెస్ అనే అమ్మాయి నన్ను జడ పట్టుకుని బయటికి లాగింది. ఇన్నేళ్లు అమ్మ నూనె పోసి పెంచిన జడ ఒక పనికొచ్చింది. గట్టున పడుకోబెట్టాక తెలిసింది, అది నిజం కాదట. రిహార్సలట. ఎవరూ మునగలేదట, మేమంతా ఎట్లా నడుచుకుంటామో చూడడానికి జోనమ్మే ఆ బిళ్లను అట్లా తిప్పి పెట్టిందట. ఆ రోజు మునిగింది నేనొక్కదాన్నే.

సాయంత్రం జోనమ్మ పిలిపించింది. నేను ఆమెను నవ్వించి గండం గట్టెక్కుదామని మా నాయన కథ ఎత్తుకున్నాను. మా లైన్లలో ఆ కథకు నవ్వని వాడు లేడు. ఒకసారి షిఫ్టు దిగాక నాయన టోకెను మేకు ఖాళీగా ఉండిపోయింది. సంగు కూసింది. అమ్మ షాఫ్టు దగ్గర నేల మీద పడి ఏడుస్తోంది. వెతకడానికి మనుషులు టోపీలు పెట్టుకుని, లోపలికి దించే కేజ్ ఎక్కారు. అప్పుడు నాయన సారాయి అంగడి వైపు నుంచి తాపీగా వచ్చి, గుంపును చూసి "పాపం, ఎవురప్పా పోయింది?" అని అడిగాడు. టోకెను ఆయన జేబులోనే ఉంది. ఇవ్వడం మరిచిపోయి అంగడికి పోయాడు. అమ్మ లేచి వచ్చి షాఫ్టంతా చూస్తుండగా ఆయన చెంప మీద ఒకటి వాయించింది. నాయనే ఈ కథను చెంప పట్టుకుని చూపిస్తూ చెప్పేవాడు. నేనూ అట్లాగే చెంప పట్టుకుని చెప్పాను. జోనమ్మ నవ్వలేదు. "మీ నాయన్ను ఎతికేదానికి కేజ్ ఎక్కినోళ్లు ఎవురు?" అని అడిగింది. నాకు తెలియదు. మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. ఆమె కాసేపు నిక్కరు మడతలు సవరించుకుని, "నిన్ను నీళ్లల్లోకి పంపేది లేదు. గట్టున బోర్డు కాడ నిలబడు. కానీ ఇంగొకతూరి ఉత్తపుణ్యానికి గోల చేస్తివా, పెట్టె సర్దుకో" అంది.

పెట్టె సర్దుకోవడమంటే ఏమిటో ఆమెకు తెలియదు. నేను వారానికే తిరిగొస్తే లైన్లో నవ్వులపాలవుతాను, అది పెద్ద లెక్క కాదు. నాయన అరుగు మీద మళ్లీ వంగిపోతాడు. రోజూ నలుగురు వచ్చి మొరపెట్టుకుంటున్నారు, ఆయన చూస్తాము లేప్పా అంటున్నాడు, మైను మూతపడ్డాక ఆయనకు దొరికిన ఉద్యోగం అదొక్కటే. అది నా చేతిలో ఉంది. కాబట్టి నేను బోర్డు దగ్గర గుంజలా నిలబడ్డాను. బిళ్ల తిప్పని పిల్లను నీళ్ల దాకా పోనిచ్చేదాన్ని కాదు. మైను ఇంగ్లీషు అక్కడ బాగా పనికొచ్చింది. "కరోనా మేస్త్రీ" అని పిల్లలు నా నడకను వెక్కిరించేవాళ్లు. ఒక్క రూబీ మాత్రం లొంగేది కాదు. మొహమంతా మచ్చలు, ఊరంత నోరు. దిగేటప్పుడు బిళ్ల తిప్పేది, ఎక్కాక తిప్పేది కాదు. రోజూ పిలిచి తిప్పించాలి.

ఒక రోజు ఈత అయిపోయిందని టెస్ విజిల్ వేసింది. పిల్లలంతా వచ్చి బిళ్లలు తిప్పి తువ్వాళ్లు చుట్టుకున్నారు. ఒక్క బిళ్ల ఎర్రగా ఉండిపోయింది. రూబీది. పిలిచాను. పలకలేదు. నీళ్లు ఊరికే మెరుస్తున్నాయి. నేను హారన్ చేతిలోకి తీసుకుంటే టెస్ నా మణికట్టు పట్టుకుంది. "అది దినామూ మరిచిపోయేదే కదప్పా! పైన గదిలో ఉంటాది. నేను బిరీన పోయి చూసొస్తాను. ఊదొద్దు, ఊదితే ఆమె నిన్ను పంపించేస్తాది." టెస్ మాట నూటికి నూరు పాళ్లూ న్యాయం. ఖాళీ మేకుకు సంబంధించిన మనిషి సారాయి అంగడిలో ఉంటాడని ఈ లోకంలో నాకంటే బాగా ఎవరికి తెలుసు? అమ్మకు తెలుసు. అప్పుడు నాకు ఆ సంగతి తట్టింది. సారాయి అంగడి మా ఇంటికి నాలుగడుగుల దూరం. షాఫ్టు అంత దూరంలో ఎక్కడో ఉంది. నాయన అలవాట్లు కాచి వడపోసిన అమ్మ, ఆ రోజు అంగడిలోకి తొంగి కూడా చూడకుండా, దాని ముందు నుంచే షాఫ్టు దగ్గరికి పరిగెత్తింది. నేను ఊదేశాను.

అందరూ వచ్చారు. వంటవాళ్లు పిండి చేతులతో వచ్చారు. ఒకరి చేతులు ఒకరు పట్టుకుని వరుసగా నీళ్లలో నడవాలి, కాళ్లతో అడుగు తడుముతూ. జోనమ్మ కళ్లద్దాలు తీసి గడ్డి మీద పడేసి అందరికంటే ముందు దిగింది. గట్టు పక్కన కొసలో నన్ను కూడా పట్టుకున్నారు. బురద, నాచు, మునిగిన కొమ్మలు. కాలికి తగిలిన ప్రతి పుల్లా చిన్నపిల్ల చెయ్యే అనిపించింది. నేను ఏడవలేదు, ప్రార్థన చెయ్యలేదు, ఆ పిల్ల చచ్చిపోయిందని అనుకున్నాను. అంతే, అనేసుకున్నాను. వాళ్లమ్మ మొహం ఎట్లా ఉంటుందో కూడా ఊహించుకున్నాను.

ఇంతలో గట్టు మీద, చూస్తున్న పిల్లల మధ్య నుంచి ఒక గొంతు "ఎవురు మునిగినారు?" అని అడిగింది. "నువ్వే" అంది పక్కపిల్ల. తువ్వాలు చుట్టుకుని, చేతిలో సగం కొరికిన బిస్కెట్టుతో రూబీ. వంటింటికి వెనక దారిలో పోయి, ఎవరూ లేని సమయం చూసి బిస్కెట్లు కొట్టేసి, హారన్ విని తమాషా చూడ్డానికి దిగి వచ్చింది. నేను నీళ్లలోంచి ఎట్లా బయటికి వచ్చానో తెలియదు. నా చెయ్యి లేచింది. అందరూ చూస్తున్నారు. అమెరికాలో పిల్ల మీద చెయ్యి పడితే ఇక పెట్టె సర్దుకోవడం కూడా ఉండదని, నేరుగా పోలీసులేనని శిక్షణలో మొదటి రోజే చెప్పారు. చెయ్యి గాలిలో ఆగిపోయింది. బురదలో కూలబడి, భోరున ఏడుస్తూ, "నీ మొగం మండ, నీ నోట్లో మన్ను పడ, యాడికి పోయినావే ముదనష్టపుదానా" అని మా లైన్లలో ఉన్న తిట్లన్నీ తిట్టాను. రూబీ అవి దీవెనలు అనుకుందో ఏమో, వచ్చి నన్ను ఆనుకుని కూర్చుని తనూ ఏడవడం మొదలుపెట్టింది. నీళ్లు కారుతూ జోనమ్మ వచ్చింది. నేను లేచి "పెట్టె సర్దుకుంటానమ్మా" అన్నాను. ఆమె బోర్డు వైపు కళ్లు చికిలించి చూసింది. "బిళ్ల ఎర్రగా ఉండిందా లేదా?" "ఉండింది." "మళ్ల సర్దేది ఏంటికి? రేపు యాలకు బోర్డు కాడ ఉండు" అని రూబీ చేత బిళ్ల తిప్పించి, అద్దాలు వెతుక్కుంటూ వెళ్లిపోయింది.

మామిడితోపులో కూర్చుని ఇదంతా స్మితకు చెబితే "ఇప్పుడు అంత కష్టం లేదత్తా" అంది. నిజమే. పట్టీ మరిచిపోదు, సారాయి అంగడికి పోదు, బిస్కెట్లు కొట్టెయ్యదు. నాకు టెక్నాలజీ మీద ఏ పగా లేదు. మా నాయనకు అట్లాంటి పట్టీ ఉండుంటే అమ్మకు ఆ రోజు ఉండేది కాదు. షాఫ్టులు ఇప్పుడు నీళ్లతో నిండిపోయాయి, టైమాఫీసు గోడల మధ్య ముళ్లకంప మొలిచింది, నాయన పోయి చాలా ఏళ్లయింది. అయినా స్మిత ఫోను చూసుకుంటుంటే నేను కొలనులో తలలు చూస్తూ కూర్చున్నాను. యంత్రానికి పచ్చ, ఎరుపు రెండే తెలుసు. ఆ రెండింటి మధ్యలో ఉండే కాసేపు మనుషులకు ఏమవుతుందో దానికి తెలియదు. ఆ మాట స్మితతో అనలేదు, అంటే నన్ను ఆటో ఎక్కించేసేది.

రూబీ సంగతి జరిగిన ఆదివారం క్యాంపు ఆఫీసు నుంచి రాజమ్మక్క ఇంటికి ఫోను చేశాను. అమ్మ వచ్చింది. నాయన కథ జోనమ్మకు చెప్పానని ముందు వారం ఫోనులోనే అన్నాను, ఇప్పుడు రూబీ సంగతంతా చెప్పాను. అమ్మ అంతా విని "కొట్టినావా?" అంది.

"లేదమ్మా. ఈడ కొట్టకూడదు. చెయ్యి ఎత్తినాను, అంతే."

"ఆ పాప సచ్చిపోయిందనే అనుకొంటివా?"

"అనుకున్నానమ్మా."

అమ్మ గొంతు తగ్గించి, "తాగినాడని నేను కొట్టినానని ఊరంతా అనుకొంటా ఉండాది. తాగేది నాకు కొత్తా? ఆ పొద్దు నేను మీ నాయన సచ్చిపోయినాడని ఒప్పేసుకొన్నాను. మీ యన్నను, నిన్ను ఎత్తుకోని ఎట్ల బతకల్ల అని గూడా అనేసుకొన్నాను. ఆ మనిషి వచ్చి ఎవురు పోయింది అంటాడు. ఆయప్పకు ఏం చెప్పల్ల నేను?" అంది. అన్నేళ్లూ ఆ కథకు ఆమె ఒక్కతే నవ్వలేదని నాకు అప్పుడు గుర్తొచ్చింది. నవ్వే చోటికి రాగానే ఏదో పని ఉన్నట్టు వంటింట్లోకి వెళ్లిపోయేది.

అంతలో నాయన ఫోను లాక్కున్నాడు. అమెరికా దూరం కాబట్టి గట్టిగా అరవాలని ఆయన నమ్మకం. "బాగుండావామ్మా? మీ యమ్మ నన్ను కొట్టిన కత ఆడి దొరసానులకు చెప్పినావంటనే! నగినారా?"

జోనమ్మ మొహం కళ్ల ముందు కనబడింది. అటువైపు నాయన ఊపిరి బిగబట్టి వింటున్నాడు.

"నగినారు నాయనా" అన్నాను. "అందురూ కడుపు పట్టుకోని నగినారు."